అడిగిన పోర్టుకే ప్రసారం
కార్యాలయ నెట్‌వర్క్‌లలో మల్టీకాస్ట్ నియంత్రణపై ప్రత్యేక వ్యాసం

తిరుపతి: తిరుమల బ్రహ్మోత్సవాలలో గరుడ సేవ జరిగే రాత్రి మాడ వీధులలో చోటు లభించని అసంఖ్యాక భక్తులు ఆ సేవను తెరపైనే దర్శిస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానములు నిర్వహించే శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ 2008లో ప్రారంభమైన నాటి నుండి ఈ దర్శన భాగ్యం ఇంటింటికీ చేరువైంది. ఒకే చిత్రాన్ని ఒకే క్షణంలో అనేక తెరలకు అందించవలసిన అవసరం నేడు వసతి సముదాయాలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, కంట్రోల్ రూములు అన్నింటికీ ఏర్పడింది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన రోజుల వంటి విపత్కర సమయంలో కంట్రోల్ రూములోని తెరపై చిత్రం నాలుగు నిమిషాలు కనిపించి నిలిచిపోతే, సహాయ చర్యలకు సంబంధించిన నిర్ణయాలే ఆలస్యమవుతాయి. ఇటువంటి అంతరాయానికి కెమెరాయో, కేబులో కారణం కానవసరం లేదు. నెట్‌వర్క్ స్విచ్‌లో చేయవలసిన ఒక చిన్న అమరికను విస్మరించడం వల్ల కూడా ఇది సంభవిస్తుంది.

మూడు విధాల ప్రసారం

నెట్‌వర్క్‌లో సమాచారం మూడు విధాలుగా ప్రయాణిస్తుంది. ఒకరి నుండి ఒకరికి చేరేది యూనికాస్ట్. అందరికీ చేరేది బ్రాడ్‌కాస్ట్. కోరిన వారికి మాత్రమే చేరేది మల్టీకాస్ట్. సెకనుకు 4 మెగాబిట్ల వీడియోను 50 తెరలకు యూనికాస్ట్ పద్ధతిలో పంపాలంటే మూల కేంద్రం నుండి 200 మెగాబిట్లు బయలుదేరాలి. మల్టీకాస్ట్ పద్ధతిలో అక్కడి నుండి 4 మెగాబిట్లు బయలుదేరితే సరిపోతుంది. దారులు చీలిన చోట మాత్రమే ప్రతులు తయారవుతాయి.

ఈ విధానానికి పునాది వేసినవారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్. ప్రసారాన్ని కోరుతున్నట్లు యంత్రాలు తెలియజేసేందుకు ఉపయోగించే భాషను ఐ.జి.ఎం.పి. అంటారు. దీని మొదటి రూపం 1989లోను, రెండవ రూపం 1997లోను, మూడవ రూపం 2002లోను ప్రమాణాలుగా వెలువడినాయి. 224.0.0.0 నుండి 239.255.255.255 వరకు గల చిరునామాలు మల్టీకాస్ట్ సమూహాలకు కేటాయించబడినాయి. ఐ.పి. ఆరవ వెర్షన్ నెట్‌వర్క్‌లలో ఇదే పనిని ఎం.ఎల్.డి. అనే ప్రమాణం నిర్వహిస్తుంది.

స్విచ్‌కు తెలియనిది

సాధారణ స్విచ్ ఏ పోర్టులో ఏ యంత్రం ఉన్నదో, ఆ యంత్రం పంపే సమాచారాన్ని చూసి నేర్చుకుంటుంది. మల్టీకాస్ట్ చిరునామా ఏ ఒక్క యంత్రానికీ చెందినది కాదు. అందువలన ఆ ప్రసారాన్ని ఎటు పంపాలో తెలియక స్విచ్ అన్ని పోర్టులకూ వదులుతుంది. ఒక కార్యాలయంలో 20 కెమెరాలు ఒక్కొక్కటి 4 మెగాబిట్ల చొప్పున మల్టీకాస్ట్ చేస్తున్నాయనుకుంటే, మొత్తం 80 మెగాబిట్లు ప్రతి పోర్టుకూ చేరుతాయి. 100 మెగాబిట్ల పోర్టుపై పనిచేసే ప్రింటరుకు, బయోమెట్రిక్ హాజరు యంత్రానికి మిగిలేది 20 మెగాబిట్లే. వైర్‌లెస్ పరికరాల పరిస్థితి మరింత క్లిష్టం. మల్టీకాస్ట్‌ను అవి సాధారణంగా అతి తక్కువ వేగంతో పంపుతాయి కాబట్టి వై-ఫై దాదాపు స్తంభించిపోతుంది.

నీరుగంటి చేసే పని

చెరువు కింద ఆయకట్టుకు నీరు పారించే నీరుగంటి, ఏ మడికి నీరు కావాలో తెలుసుకొని ఆ వైపే మడవ తిప్పుతాడు. స్విచ్‌లోని ఐ.జి.ఎం.పి. స్నూపింగ్ అనే సదుపాయం సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఏ పోర్టులోని యంత్రం ఏ సమూహాన్ని కోరుతున్నదో ఆలకించి పట్టిక తయారుచేసుకుంటుంది. కోరిన పోర్టుకే ప్రసారాన్ని వదులుతుంది.

అయితే కోరిక తెలిపిన యంత్రం తరువాత ఆపివేయబడవచ్చు. అందుచేత ఇంకా ప్రసారం కావాలా అని ఎవరో ఒకరు తరచు అడుగుతూ ఉండాలి. ఈ బాధ్యత వహించే పరికరాన్ని క్వెరియర్ అంటారు. ప్రమాణం ప్రకారం ఇది సాధారణంగా 125 సెకన్లకు ఒకసారి ప్రశ్న పంపుతుంది. యంత్రాలు 10 సెకన్ల లోపు జవాబు ఇస్తాయి. 260 సెకన్ల వరకు ఏ జవాబూ రాకపోతే స్విచ్ ఆ పోర్టును పట్టిక నుండి తొలగిస్తుంది.

సమస్య మూలం ఇక్కడే ఉన్నది. స్నూపింగ్ ప్రారంభించి, క్వెరియర్‌ను ఏర్పాటు చేయకపోతే అడిగేవారు ఉండరు, కనుక జవాబులూ రావు. మొదట చక్కగా కనిపించిన చిత్రం 4 నిమిషాల 20 సెకన్లకు అటూఇటుగా నిలిచిపోతుంది. కొన్ని స్విచ్‌లలో చిత్రం ఆగదు గాని, ప్రసారం తిరిగి అన్ని పోర్టులకూ వెల్లువెత్తుతుంది. ఛానల్ మార్చినా, యంత్రాన్ని ఆపి మళ్లీ ప్రారంభించినా కొత్తగా కోరిక వెళుతుంది కాబట్టి చిత్రం తిరిగి వస్తుంది. దీంతో లోపం తెరలో ఉన్నదని పొరబడటానికి అవకాశం ఉన్నది.

అమరిక క్రమం

మొదటగా కెమెరాలు, టీవీ తెరలు వంటి వాటిని ఒక ప్రత్యేక వి.లాన్‌లోకి చేర్చాలి. ఆ వి.లాన్ ఉన్న ప్రతి మేనేజ్డ్ స్విచ్‌లోనూ స్నూపింగ్ ప్రారంభించాలి. ఒక్క స్విచ్‌ను వదిలివేసినా అక్కడ నుండి వెల్లువ మొదలవుతుంది.

రెండవది క్వెరియర్. ఆ వి.లాన్‌లో మల్టీకాస్ట్ రూటరు ఉంటే ఆ పని అదే చేస్తుంది. లేనప్పుడు ప్రధాన స్విచ్‌కు ఆ వి.లాన్‌లో ఒక ఐ.పి. చిరునామా ఇచ్చి, క్వెరియర్‌గా నియమించాలి. ఒకటికి మించి క్వెరియర్లు ఉంటే తక్కువ సంఖ్య గల చిరునామా కలిగినది ఎన్నికవుతుంది. కాబట్టి ప్రధాన స్విచ్‌కు తక్కువ చిరునామా కేటాయించడం మేలు.

మూడవది, తెరలు అర్థం చేసుకోగల ఐ.జి.ఎం.పి. రూపాన్నే స్విచ్‌లోనూ ఎంచుకోవాలి. నాలుగవది, ఎవరూ కోరని మల్టీకాస్ట్‌ను నిరోధించే అమరికను, క్వెరియర్ పనిచేస్తున్నదని నిర్ధారించుకున్న తరువాత మాత్రమే అమలు చేయాలి. ఐదవది, ఛానల్ మార్చిన వెంటనే పాత ప్రసారాన్ని నిలిపివేసే ఫాస్ట్ లీవ్ సదుపాయాన్ని ఒకే తెర ఉన్న పోర్టులకే పరిమితం చేయాలి. ఒకే పోర్టు కింద రెండు తెరలు ఉంటే, ఒకటి ఆగినప్పుడు రెండవదీ ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

చిరునామాల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. సంస్థ లోపలి అవసరాలకు 239తో మొదలయ్యే చిరునామాలు ఉద్దేశించబడినాయి. మల్టీకాస్ట్ చిరునామాను ఈథర్‌నెట్ చిరునామాగా మార్చేటప్పుడు చివరి 23 బిట్లు మాత్రమే నిలుస్తాయి. అందువలన 32 సమూహాలు ఒకే ఈథర్‌నెట్ చిరునామాను పంచుకుంటాయి. 224.0.0తో మొదలయ్యే చిరునామాలు నెట్‌వర్క్ నిర్వహణకు కేటాయించినవి కనుక స్విచ్‌లు వాటిని అన్ని పోర్టులకూ వదులుతాయి. 239.0.0, 239.128.0తో మొదలయ్యేవి వాటితో కలిసిపోతాయి కాబట్టి వీటిని వాడరాదు.

స్నూపింగ్ ఒక వి.లాన్‌కు పరిమితమైన ఏర్పాటు. ఒక వి.లాన్ నుండి మరొక వి.లాన్‌కు ప్రసారం చేరాలంటే రూటరులో పిమ్ వంటి మల్టీకాస్ట్ రూటింగ్ ప్రమాణం అవసరం. ఇంటర్నెట్ ద్వారా జరిగే సాధారణ వీడియో సమావేశాలు యూనికాస్ట్ పద్ధతిలో సాగుతాయి. వాటిలోని అంతరాయాలు ఈ అమరికతో తొలగవు.

ఇంటి గడప వరకు

రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ సేవలు ఒకే తీగపై అందించాలన్నది నాటి ప్రణాళిక. విద్యుత్ స్తంభాల మీదుగా కేబులు వేయడం దీని ప్రత్యేకత. జీపాన్ తరహా ఫైబర్ నెట్‌వర్క్‌లో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల దిగువ ప్రవాహాన్ని పదుల సంఖ్యలో ఇళ్లు పంచుకుంటాయి. ప్రత్యక్ష ఛానల్‌ను మల్టీకాస్ట్ చేస్తే ఒక్క ప్రతితో ఆ ఇళ్లన్నింటికీ సరిపోతుంది. కుప్పంలోని ఇంటికైనా, శ్రీకాళహస్తిలోని వసతి గృహానికైనా వర్తించే సూత్రం ఇదే.

అధికారులు గమనించవలసినవి

పరికరాలను స్వాధీనం చేసుకునే సమయంలో గుత్తేదారును నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. స్నూపింగ్ అన్ని స్విచ్‌లలో ఉన్నదా? క్వెరియర్ ఏది? అది ఆగితే బదులు ఏది? అమరికలు స్విచ్‌లో శాశ్వతంగా భద్రపరచబడినాయా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించినా, భద్రపరచని అమరిక విద్యుత్తు పోయి వచ్చేసరికి తుడిచిపెట్టుకుపోతుంది.

పరీక్షను ఒక్క నిమిషంతో ముగించరాదు. తెరను కనీసం 10 నిమిషాలు కదిలించకుండా ఉంచి చూడాలి. అదే సమయంలో ఏ ప్రసారమూ కోరని ఒక పోర్టులో రద్దీని పరిశీలించాలి. చిత్రం ఆగకుండా, ఆ పోర్టు ప్రశాంతంగా ఉంటే అమరిక సవ్యంగా ఉన్నట్లు భావించవచ్చు. ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయిన సందర్భాలను నివేదించే పాత్రికేయులు సైతం, చిత్రం ఎంత సేపటికి ఆగినదో నమోదు చేసుకుంటే కారణాన్ని వెదకడం సులభమవుతుంది. ఈ అమరికకు అవసరమైన సదుపాయాలు మేనేజ్డ్ స్విచ్‌లలో సాధారణంగా ముందే ఉంటాయి. అటువంటి చోట అదనపు వ్యయం లేకుండా, సిబ్బంది శ్రద్ధతోనే ప్రసారాన్ని నిలబెట్టవచ్చు.