ఉక్కును గీకి కవచం కట్టుకునే అల్యూమినియం

సిరామిక్ పెళుసు, అల్యూమినియం మెత్తన. ఈ రెండూ కలిస్తే అరగని లోహం ఎలా వస్తుందని ఒక పాఠకుడు అడిగారు. రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదిది.

పరిచయాలు గబగబా కానిద్దాం. కరిగిన అల్యూమినియం మిశ్రలోహంలో సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ పొడిని నూటికి పది, ఇరవై పాళ్లు కలియదిప్పి పోతపోస్తారు. సాన చక్రాల్లో ఉండే పొడే అది. బరువు పెద్దగా పెరగదు.

1953లో ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం, పదార్థం ఎంత గట్టిదైతే అంత తక్కువ అరుగుతుంది. గట్టి రేణువులు వేశాం, గట్టిదనం పెరిగింది, అరుగుదల తగ్గింది, కథ ముగిసిందని చాలామంది అనుకున్నారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఈ లోహాన్ని నూనె లేకుండా ఉక్కు మీద రుద్దండి. పైనున్న అల్యూమినియం కాస్త అరగగానే రేణువుల కొనలు బయటపడతాయి. భారాన్ని అవి మోస్తాయి, మోస్తూనే ఉక్కును గీకుతాయి. రాలిన ఇనుప రజను రెండు తలాల మధ్య నలిగి, వేడికి ఆక్సైడై, విరిగిన సిలికాన్ కార్బైడ్ ముక్కలతోనూ అల్యూమినియంతోనూ కలిసి మన లోహం మీదే నల్లటి పొరగా అతుక్కుంటుంది. ఇక ఉక్కు రుద్దుకునేది చాలావరకు తన రజనుతోనే! పొర ఊడుతుంది, మళ్లీ కట్టుకుంటుంది. దొంగసొత్తుతో కోట కట్టినట్టు.

కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయంలో ఆల్పాస్, జాంగ్ 1992లో ఈ కోటకు హద్దు చూపించారు. భారం ఒక స్థాయి దాటితే రేణువులే చిట్లిపోతాయి. అప్పుడు ఈ ఖరీదైన లోహం మామూలు మిశ్రలోహంలాగే అరుగుతుంది. భారం ఇంకా పెంచితే మామూలుది ఒక్కసారిగా వేడెక్కి ముద్దలుగా ఊడొస్తుంది. మనది ఆ గండాన్ని వాయిదా వేస్తుంది. అదీ లాభమే.

నన్ను విసిగించేది ప్రయోగశాలల తంతు. తిరిగే ఉక్కు బిళ్ల మీద లోహపు పుల్లను రుద్ది, పుల్ల బరువు మాత్రమే తూచి పట్టికలు వేస్తారు. బిళ్ల ఎంత తరిగిందో చెప్పరు. పుల్లకు అంటిన ఇనుమూ ఆ బరువులోనే కలిసిపోయిందని అసలే చెప్పరు.

ఉపయోగాలంటారా? 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారుకు ఇలాంటి బ్రేక్ డిస్కులే వేశారు, తరవాత ఇనుపవాటికే మళ్లారు. ఈ రేణువులున్న డిస్కులను చెక్కాలంటే వజ్రపు పనిముట్లు కావాలి. ప్యాడ్లు కూడా వీటికోసం ప్రత్యేకంగా చేయాలి, లేకపోతే ఆ రేణువులు వాటినీ గీకేస్తాయి.