బెంచీ ఎందుకు పగులుతుంది?

పోయిన ఎండాకాలం కోరుట్లలో ఒక సిమెంట్ బెంచీ మీద కూర్చోబోతుంటే, బయటికి తేలిన చువ్వకు పట్టుకుని మా బాపమ్మ చీర చినిగింది. "కాలు కోసుకుపోలే, నయం" అంది. జగిత్యాలలో, సిరిసిల్లలో కూడా అట్లాంటివి చూశాను. ఎందుకిలా అని చదివాను.

కాంక్రీట్‌లోని క్షారగుణమే ఇనుముకు రక్ష. చువ్వ పైకి దగ్గరగా ఉంటే గాలి, వాననీరు తొందరగా చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పైపొర పెచ్చులుగా ఊడుతుంది. అందుకే మన ఐఎస్ 456:2000 ప్రమాణం చువ్వ మీద కాంక్రీట్ మందం పరిసరాలను బట్టి 20 నుంచి 75 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. తడుస్తూ ఆరుతూ ఉండే చోట 45.

బెంచీ చేయించేటప్పుడు దాత పేరు ఎంత పెద్దగా రాయాలో చెప్తాం. చువ్వ ఎంత లోతులో ఉందో కూడా అడుగుదాం. కూర్చునేది మన బాపమ్మలే కదా!