ఒకే పాట, వేరు వేరు ప్లేట్లు

ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ అరుదైనదా? కాదు. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయిన తర్వాత మార్కెట్లోకి వచ్చిన ఆ రికార్డు తెలుగునాట చేరని ఊరు లేదు. అయినా సేకర్తలు దాని కోసం వెతుకుతూనే ఉంటారు. దొరికిన ప్లేట్లలో గీత కంటే గీతలే ఎక్కువ వినిపిస్తాయి. జి. కొండూరు, మైలవరం, నూజివీడు చుట్టుపక్కల మైకు సెట్ల వాళ్లు దాన్ని ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. గుడి దగ్గర వేశారు, చావింటి దగ్గరా వేశారు. ప్లేటు దొరకడం తేలిక, శుభ్రంగా మోగే ప్లేటు దొరకడమే కష్టం. అట్ట ఒకటే, పాట ఒకటే అయినా ఒక కాపీ వందకి, ఇంకో కాపీ వేలకి ఎందుకు పోతుందో తెలియాలంటే గాడిలోకి దిగి చూడాలి.

ఎల్‌పీకి ఒక వైపున ఉండేది ఒకే గాడి. బయటి అంచు దగ్గర మొదలై చుట్టలు తిరుగుతూ లేబుల్ దాకా వస్తుంది. నిమిషానికి 33⅓ చుట్ల చొప్పున 22 నిమిషాలకి 730కి పైగా చుట్లు. విప్పి పరిస్తే దాదాపు అర కిలోమీటరు పొడవు. ఆ గాడి గోడల మీది వంకరలే పాట. ప్లేటు తిరిగే వేగం మారదు కానీ, సూది కింద గాడి జరిగే వేగం మారుతుంది. బయటి అంచులో అది సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గర 20 చిల్లర. అంటే 10,000 హెర్ట్జ్ ధ్వని బయట ఒక్కో అలకి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చోటు తీసుకుంటే, లోపల యాభయ్యో వంతులో ఇరుక్కోవాలి. అందుకే ప్లేటు అరిగితే ముందు దెబ్బతినేది ఆ వైపు చివరి పాట. స, శ, ష అక్షరాల దగ్గర బుస మొదలవుతుంది. పాత ప్లేటు కొనేవాళ్లు మొదటి పాట విని మురిసిపోకుండా చివరి పాట వినాలి.

అరగడానికి కారణం సూది ఒక్కటే కాదు. ఇప్పటి మంచి కార్ట్రిడ్జి గాడి మీద మోపే బరువు రెండు గ్రాముల అటూ ఇటూ. పాతకాలపు సిరామిక్ కార్ట్రిడ్జిలు అయిదు గ్రాములు, ఆ పైన మోపేవి. సూది మొన గోడని తాకే చోటు ఎంత చిన్నదంటే, రెండు గ్రాములే అయినా చదరపు సెంటీమీటరుకి లెక్కగడితే ఒత్తిడి టన్నుల్లో తేలుతుంది. దానికి ధూళి తోడైతే చెప్పక్కర్లేదు. మట్టిరోడ్డు దుమ్ములో ఉండేది చాలావరకు క్వార్ట్జ్, అంటే ఇసుక. పీవీసీ దాని ముందు మెత్తనిది. సూది ఆ రేణువుని తొక్కుకుంటూ పోయిన ప్రతిసారీ గోడ మీద శాశ్వతమైన గాటు పడుతుంది. కల్యాణమండపం బయట దుమ్ములో మోగిన ప్లేటుకీ, ఎవరి బీరువాలోనో అట్టలో పడుకున్న ప్లేటుకీ తేడా అదే.

పీవీసీ రాకముందు 78 ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే పురుగు వదిలే జిగురే లక్క. దానికి రాతిపొడి, నలుపు కోసం మసి కలిపి, వేడి మీద అచ్చొత్తేవాళ్లు. పది అంగుళాల ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాలు. పద్యం అందుకున్న నటుడు రాగం ఎంత తీయాలనుకున్నా అంతలోనే ముగించాలి. ఈ ప్లేట్లు శుభ్రం చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: స్పిరిట్ తగలకూడదు. వడ్రంగి బల్లకి పూసే పాలిష్ స్పిరిట్‌లో కరిగించిన లక్కే. ప్లేటుని స్పిరిట్‌తో తుడవడమంటే పాటని పాలిష్‌గా మార్చడమే.

పైగా అవి కింద పడితే పగులుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువైనప్పుడు అమెరికాలో పాత ప్లేట్లు కరిగించి కొత్తవి చేశారు కూడా. బొబ్బిలి జమీందారీ వంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో వేల సంఖ్యలో 78లు కూడబెట్టడాన్ని చాలామంది సరదాగా చూసి ఉంటారు. తొలినాళ్ల టాకీల్లో చాలావాటికి రీళ్లు మిగల్లేదు. వాటి పాటలు మనకి వినిపిస్తున్నాయంటే ఇలాంటి బీరువాల పుణ్యమే.

ఇక ఎలక్ట్రానిక్ సంగీతం. ఇక్కడ గాడికి అసలు పరీక్ష బేస్. ఒకే గట్టితనంతో చెక్కితే 50 హెర్ట్జ్ ధ్వని 1,000 హెర్ట్జ్ ధ్వని కంటే గాడిని ఇరవై రెట్లు ఎక్కువ పక్కకి ఊపుతుంది. అలా వదిలేస్తే గాడి వెళ్లి పక్క గాడిలో పడుతుంది. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గిస్తారు, వినేటప్పుడు యాంప్లిఫయర్ మళ్లీ పెంచుతుంది. ఎంత తగ్గించాలో 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక కొలత పెట్టింది. అయినా డ్యాన్సు క్లబ్బులకి ఆ బేస్ చాలలేదు. ఒక్కో వైపు ఒకే పాట పెట్టి గాళ్ల మధ్య ఎడం పెంచిన పన్నెండు అంగుళాల సింగిల్ 1976లో న్యూయార్క్ నుంచి అమ్మకానికి వచ్చింది. మన ఏడు అంగుళాల ఈపీ దీనికి పూర్తిగా ఎదురు. వైపుకి రెండేసి సినిమా పాటలు కుక్కితే బేస్‌కి చోటెక్కడిది?

ఎలక్ట్రానిక్ సంగీతంలోనే చరణ్‌జిత్ సింగ్ ప్లేటుది ఇంకో వింత. హిందీ సినిమా పాటలకి వాయించే ఈ బొంబాయి కళాకారుడు 1982లో రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడింటి మీద పది రాగాలు డిస్కో దరువుతో వాయించాడు. భైరవ్, భూపాలి లాంటి రాగాలే. హెచ్‌ఎంవీ విడుదల చేసింది, జనం పట్టించుకోలేదు. ఆ యంత్రాల్లోని ఒకదానితో షికాగో కుర్రాళ్లు యాసిడ్ హౌస్ అనే డ్యాన్సు సంగీతం మొదలుపెట్టింది ఆ తర్వాత కొన్నేళ్లకి. 2010లో ఒక డచ్ సేకర్త మళ్లీ అచ్చు వేయించేదాకా అసలు ప్లేటు ఉన్నవాళ్లు అతి కొద్దిమంది. అమ్ముడుపోకపోవడమే దాన్ని అరుదైనదిగా చేసింది. ఆడని పాటల్లోనే సేకర్తకి పంట అని నా అనుమానం.

మన సినిమా పాటల్లోనూ ఇదే వరస. 1980ల్లో క్యాసెట్ వచ్చి ప్లేటుని తోసేసింది. మైకు సెట్ల వాళ్లు కూడా క్యాసెట్ డెక్కులకి మారారు. దశాబ్దం చివరికి ప్లేట్లు కొద్దిగానే వేసేవాళ్లు. అందుకే 1972 నాటి ఈపీ కంటే 1988 నాటి ఎల్‌పీ దొరకడం కష్టం. సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు మన పాటల్లో రాజ్యమేలింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. ఇళయరాజా ఎనభైల నాటి పాటల సంకలనాలని ఫైండర్స్ కీపర్స్ అనే బ్రిటిష్ కంపెనీ తెచ్చిందంటే ఆ ఆకలి ఎక్కడిదాకా పోయిందో చూడండి.

సేకర్తలు లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ నల్లటి జాగాలో టార్చి వేసి ఏం వెతుకుతారు? అచ్చుల జాతకం. మొదట లక్కర్ పళ్లెం మీద గాడి చెక్కుతారు. దాని మీద వెండి పూత, ఆపైన నికెల్ పూత దట్టంగా ఎక్కించి ఉల్టా అచ్చు తీస్తారు. దాన్నుంచి తల్లి అచ్చు, తల్లి నుంచి ప్లేట్లు ఒత్తే స్టాంపర్లు. ఒక్కో స్టాంపర్ సుమారు వెయ్యి, రెండు వేల ప్లేట్లకే అలసిపోతుంది. చివర్లో ఒత్తినవాటిలో పదును తగ్గుతుంది. లేబుల్ చుట్టూ ఆ జాగాలో గీసిన నంబర్లు ఏ అచ్చు, ఎన్నోదన్నది చెబుతాయి. పరీక్ష కోసం ఒత్తే తొలి నాలుగైదు కాపీలకి అందుకే అంత గిరాకీ. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ 1994లో ఆపేసిన కాస్టిక్ విండో ఎల్‌పీ పరీక్ష కాపీ ఒకటి 2014లో వేలంలో 46,300 డాలర్లకి పోయింది. కొన్నది మైన్‌క్రాఫ్ట్ ఆట సృష్టికర్త.

నూజివీడు మామిడి నాట ప్లేట్లు దాచుకునేవాళ్లకి అసలు శత్రువు మే నెల. పీవీసీ 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడుతుంది. బయట 45 ఉన్నప్పుడు రేకుల కప్పు కిందో, ఎండలో ఆపిన కారులోనో అంత వేడి అతిశయోక్తి కాదు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన దొంతర కింది ప్లేట్లు బరువుకే వంగిపోతాయి. కాబట్టి నిలువుగా, ఒత్తుగా నిలబెట్టాలి. పడమటి గోడకి ఆనించకూడదు. వానాకాలంలో బూజు ముందు పట్టేది అట్టనీ లోపలి కాగితాన్నీ. ఆ కాగితం మార్చేసి, పీవీసీ ప్లేటుని డిస్టిల్డ్ వాటర్‌తో గాడి తిరిగే దారినే, లేబుల్ తడవకుండా తుడిస్తే చాలు.