కుస్తీలో గెలుపు ఎవరిదో ముందుగా చెప్పవచ్చునా?

తిరునాళ్ళలో కుస్తీలు చూచినవారికి ఈ దృశ్యం క్రొత్త కాదు. గోదా ప్రక్కన ఒక ముసలి వస్తాదు కూర్చుని ఉంటాడు. జోడు ఇంకా చేతులు కలపకముందే "ఇది ఎర్రలంగోటావాడిది" అని తేల్చివేస్తాడు. పదింట ఏడెనిమిది సార్లు ఆయన మాట నిలుస్తుంది. తప్పిన రెండు మూడు సార్లను చుట్టుప్రక్కలవారు మరచిపోతారు. ఆయన వారికంటె ముందే మరచిపోతాడు. వస్తాదు దేనిని చూచి చెప్పినాడు? ఆ చూపును అంకెలలో పెట్టగలమా? పెట్టిన తరువాత ఆ జోస్యం మంచిదో చెడ్డదో ఎట్లా తేల్చాలి?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి అనువైన చోటు అమెరికాలోని కళాశాల కుస్తీ. అక్కడి విశ్వవిద్యాలయాలు "కాన్ఫరెన్సు" అనే కూటములుగా ఏర్పడి, ఏటా మార్చి నెలలో ముందు కూటమి పోటీలు, పిమ్మట జాతీయ పోటీలు జరుపుకొంటాయి. జాతీయ పోటీలు మొదట జరిగింది 1928లో, అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణంలో. కూటములలో కుస్తీకి పెట్టింది పేరు "బిగ్ టెన్". పేరులో పది ఉన్నా 2024 నుండి దానిలోని విశ్వవిద్యాలయాలు 18. వాటిలో కుస్తీ జట్లు ఉన్నవి 14. ఈ లెక్క చూచి మన విద్యార్థులెవరూ అంకగణితం నేర్చుకోకూడదు.

బరువును బట్టి పది తరగతులు ఉంటాయి: అతి తక్కువ 125 పౌండ్లు, అంటే సుమారు 57 కిలోలు, అన్నిటికంటె పెద్దది 285 పౌండ్లు. ప్రతి తరగతికి ఒక్కొక్క జట్టు నుండి ఒక్కడే దిగుతాడు. కుస్తీ మొత్తం 7 నిమిషాలు: మొదట మూడు, తరువాత రెండు, మళ్ళీ రెండు. ఎదుటివానిని క్రిందపడవేసి అదుపులోనికి తెచ్చుకొంటే 3 పాయింట్లు (2023 వరకు ఇవి రెండే), పట్టునుండి తప్పించుకొంటే 1. రెండు భుజపుటెముకలూ ఒక్క సెకను నేలకు ఆనించితే చిత్తు. అక్కడితో ఆట సరి. కూటమి పోటీలలో మొదటి కొద్దిమందికే జాతీయ పోటీలకు నేరుగా అర్హత లభిస్తుంది. ఆ కొద్దిమంది ఎందరన్నది కూటమిని, బరువును, ఆ సంవత్సరపు ఫలితాలను బట్టి మారుతుంది. జాతీయ పోటీలలో ఒక్కొక్క బరువుకు స్థానాలు 33 మాత్రమే. నాలుగేళ్ళు కష్టపడిన విద్యార్థికి ఆ ఒక్క స్థానం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

జోస్యం చెప్పడానికి అందరికీ ముందు తోచే మార్గం గెలుపు ఓటముల నిష్పత్తి. ఒకడు ఈ సంవత్సరం 30 కుస్తీలు పట్టి 24 గెలిచినాడనుకొందాం. నూటికి 80. కాని 30 అనేది చాలా చిన్న సంఖ్య. సాంఖ్యక శాస్త్రం ప్రకారం ఈ 80 అనే అంకెలో సుమారు 7 దాకా దోషం ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు దానికి రెట్టింపూ ఉండవచ్చును. అంటే వాని నిజమైన సత్తా నూటికి 65 అయినా కావచ్చును, 95 అయినా కావచ్చును. పైగా ఆ 24 మంది ఎవరు? బలహీనులను ఏరుకొని ఓడించినవానికీ, మేటివారితో తలపడి గెలిచినవానికీ ఈ నిష్పత్తి ఒకే మార్కు వేస్తుంది.

సరే, గొలుసుకట్టుగా పోదామంటారు మరికొందరు. రాముడు సోముని ఓడించినాడు, సోముడు భీముని ఓడించినాడు, కనుక రాముడు భీముని ఓడిస్తాడు. బరువులు తూచేటప్పుడు ఈ తర్కం చెల్లుతుంది గాని గోదాలో చెల్లదు. సోముని నడుముపట్టు రాముని దగ్గర పనికిరాక, భీముని దగ్గర పనికిరావచ్చును. మూడు ఫలితాలూ చక్రంలా తిరిగి భీముడు రాముని చిత్తుచేయడం గోదాలో తరచు జరిగేదే.

ఈ చిక్కును విప్పడానికి ఒక మంచి ఉపాయం చదరంగం నుండి వచ్చింది. ఆర్పాడ్ ఎలో అనే ఆయన హంగరీలో పుట్టి, అమెరికాలో మిల్వాకీ నగరంలో భౌతికశాస్త్రం బోధించినవాడు. తానూ మంచి ఆటగాడు. ఆయన చేసిన ఏర్పాటును అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య 1970లోను స్వీకరించినవి. దాని సారం ఇది. ప్రతి ఆటగానికీ ఒక రేటింగు ఉంటుంది. ఇద్దరి రేటింగుల మధ్య ఉన్న తేడా ఒక్కటే గెలుపు సంభావ్యతను నిర్ణయిస్తుంది. తేడా లేకపోతే సగానికి సగం. తేడా 100 అయితే పైవానికి నూటికి 64 పాళ్ళు, 200 అయితే 76, 300 అయితే 85, 400 అయితే 91. ఆట ముగిసిన తరువాత రేటింగులు సవరిస్తారు. వచ్చిన ఫలితం నుండి ఆశించిన ఫలితాన్ని తీసివేసి, ఒక స్థిరసంఖ్యతో హెచ్చవేసి కలుపుతారు. ఆ సంఖ్య 32 అనుకొందాం. 1500 వాడు 1700 వానిని ఓడిస్తే అతనికి కలిసేవి సుమారు 24. అదే 1700 వాడు గెలిస్తే అతనికి దక్కేవి 8 మాత్రమే. గెలవవలసినవాడు గెలిస్తే మనకు తెలిసిన క్రొత్త సంగతి తక్కువ. లెక్క ఆ మేరకే కదులుతుంది. ముసలి వస్తాదు కూడా తెలియకుండానే ఈ సవరణ చేస్తుంటాడని నా నమ్మకం.

కుస్తీకి ఈ పద్ధతిని తెచ్చినప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. గాయం వల్ల బరిలోకి దిగక వదులుకొన్న కుస్తీని ఓటమిగా లెక్కిస్తే రేటింగు చెడిపోతుంది. ఒకడు క్రిందటి బరువు తరగతి నుండి పైదానికి వచ్చినాడంటే పాత రేటింగును యథాతథంగా నమ్మరాదు. క్రిందికి దిగినవాని విషయం ఇంకా కష్టం. బరువు తగ్గడానికి ఒంట్లో నీరు హరించుకొనే అలవాటు ఈ క్రీడలో ఒక శాపంగా ఉండేది. 1997 చివర కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల విద్యార్థులు ఇట్లా బరువు తగ్గే ప్రయత్నంలో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. ఆ తరువాతనే ఆవిరిగదులను, చెమటపట్టించే ప్లాస్టిక్ దుస్తులను నిషేధించి, తూకాన్ని పోటీకి దగ్గరగా జరిపి, బరువు తరగతులను కూడ పెంచినారు. నీరసించి వచ్చినవాడు ఏ స్థాయిలో ఆడతాడో రేటింగుకు తెలియదు. తూకం దగ్గర వాని ముఖం చూచిన వస్తాదుకు తెలుస్తుంది.

ఒక కుస్తీని గురించి చెప్పడం ఇంతవరకు వచ్చింది. టోర్నమెంటు వేరు సంగతి. నలుగురితో చిన్న పట్టిక వేసికొందాం. క రేటింగు 1700, ఖ 1600, గ 1500, ఘ 1400. సెమీఫైనలులో క, ఘ ఒక జోడు. ఖ, గ ఒక జోడు. క విజేత కావడానికి సంభావ్యత ఎంత? మా బి.ఎస్‌సి. విద్యార్థులకు ఈ లెక్క ఇస్తే చాలామంది మొదటి గెలుపును (0.85) రెండవ గెలుపుతో (0.64) హెచ్చవేసి చేతులు దులుపుకొంటారు. కాని ఫైనలుకు ఖ వస్తాడని ఎవరు చెప్పినారు? ఖ వచ్చే సంభావ్యత 0.64, గ వచ్చేది 0.36. క అనేవాడు ఖ మీద గెలిచేది 0.64, గ మీద 0.76. కనుక ఫైనలు గెలుపు 0.64 × 0.64 + 0.36 × 0.76, అంటే 0.68. దీనిని మొదటి 0.85తో హెచ్చవేస్తే 0.58. మిగిలిన ముగ్గురికీ ఇట్లాగే చేస్తే ఖకు 0.27, గకు 0.11, ఘకు 0.04 వస్తాయి. అన్నీ కలిపితే ఒకటి. లెక్క సరిపోయిందనడానికి అదే గుర్తు.

ఇప్పుడు పట్టికను కొద్దిగా మార్చి క, ఖలను సెమీఫైనలులోనే ఎదురుపడనిద్దాం. ఎవరి బలమూ మారలేదు. అయినా క విజేత అయ్యే సంభావ్యత 0.58 నుండి 0.51కి పడిపోతుంది. ఖ పరిస్థితి మరీ అన్యాయం: అతడు ఫైనలు చేరే సంభావ్యత 0.64 నుండి 0.36కు దిగిపోతుంది. అందుకే బలవంతులను పట్టికలో దూరదూరంగా ఉంచడానికి "సీడు" సంఖ్యలు ఇస్తారు. ఒకసారి ఓడినవారికి మరొక వరుసలో ఆడి మూడవ స్థానం వరకు ఎగబ్రాకే అవకాశం ఉంచినదీ ఇందుకే. ఆ రెండవ వరుసను కూడ కలుపుకొని 14 మందికి చేతితో లెక్క కట్టాలంటే రోజులు పడుతుంది. కంప్యూటరు చేసే పని సులభమైనదే: ప్రతి కుస్తీకీ సంభావ్యత ప్రకారం చీటీ తీసినట్లు ఒక విజేతను ఎన్నుకొని టోర్నమెంటు మొత్తం ఆడించి, దానినే పదివేలసార్లు తిరిగి ఆడించి, ఎవడు ఎన్నిసార్లు గెలిచినాడో లెక్కపెడుతుంది. పదివేల ఆటలకు అంకెలో వచ్చే దోషం నూటికి అరపాలు మించదు. అయితే ఆ అరపాలు చీటీల దోషం మాత్రమే. రేటింగులలో ఉన్న దోషం ఎన్ని లక్షలసార్లు ఆడించినా పోదు.

బిగ్ టెన్‌లో ఒక బరువుకు 14 మందీ దిగితే మొదటి సీడుకు తొలి ఆట ఉండదు; ఇంకా మూడు గెలవాలి. ఆ మూడింటి సంభావ్యతలు 0.90, 0.80, 0.65 అనుకొందాం. ప్రతి ఆటలోను అతనిదే పైచేయి. అయినా మూటినీ హెచ్చవేస్తే 0.47. ప్రతి గడపలోను గెలవవలసినవాడే, ఇల్లు దాటి వచ్చేసరికి సగానికి తక్కువ! పది బరువులలోను మొదటి సీడులకు ఇదే స్థితి అయితే సగటున నలుగురైదుగురే విజేతలవుతారు. పదిమందికి పదిమందీ గెలవడం రెండువేల టోర్నమెంట్లకు ఒకసారి జరిగితే జరగవచ్చును. పది పేర్లూ సరిగా చెప్పినానని ఎవరైనా అంటే ఆయనను గౌరవిద్దాం గాని, మరుసటి ఏడు ఆయన మాట మీద పందెం కట్టవద్దు.

జట్టు విజయాన్ని ఊహించడం ఇంతకంటె సులభం. వినడానికి విడ్డూరమే. జాతీయ పోటీలలో ప్రథమ స్థానానికి 16, ద్వితీయానికి 12, తృతీయానికి 10, ఇట్లా ఎనిమిదవ స్థానం దాకా పాయింట్లు ఉంటాయి. ఇవిగాక గెలిచిన ప్రతి ఆటకు కొద్దిగా, చిత్తుచేస్తే ఇంకా 2. ఒక్కొక్క మల్లుని పాయింట్లను గురించి మన అంచనా 5 అటో ఇటో తప్పుతుందనుకొంటే, పదిమంది మొత్తం 50 తప్పదు. ఒకరి తప్పు పైకి పోతే మరొకరిది క్రిందికి పోతుంది. తప్పు పెరిగేది పది యొక్క వర్గమూలం ప్రకారం. అంటే 16 దాకా. 2001లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి ఒక్కడు కూడ జాతీయ ఫైనలుకు చేరలేదు. కాని పదిమందికి పదిమందీ మొదటి ఎనిమిది స్థానాలలో నిలిచి జట్టు పతకాన్ని తెచ్చినారు. 2025లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 177 పాయింట్లతో రికార్డు నెలకొల్పింది; రెండవ స్థానం నెబ్రాస్కాది, 117. పెన్ స్టేట్ పదిమందీ మొదటి ఎనిమిదింటిలో ఉన్నారు. విజేతలు మాత్రం ఇద్దరే. ఆ పది పేర్లూ విజేతలని జోస్యం చెప్పినవాడు ఎనిమిదింట తప్పేవాడు. జట్టు గెలుస్తుందన్న ఒక్క మాట చెప్పినవాడు నిశ్చింతగా నిద్రపోయేవాడు.

ఎంత లెక్క కట్టినా తారుమారులు తప్పవు. 1970లో అయోవా స్టేట్‌కు చెందిన డాన్ గేబుల్ ఉన్నత పాఠశాల నుండి మొదలు వరుసగా 181 కుస్తీలు గెలిచి, చివరి జాతీయ ఫైనలులో వాషింగ్టన్ విద్యార్థి లారీ ఓవింగ్స్ చేతిలో 13-11తో ఓడినాడు. ఓవింగ్స్ అతనితో తలపడడానికే బరువు తగ్గి ఆ తరగతికి వచ్చినాడు. గేబుల్ రెండేళ్ళకు మ్యూనిక్ ఒలింపిక్సులో ఒక్క పాయింటు కూడ ఇవ్వకుండ స్వర్ణపతకం గెలిచినాడు. అతని పేరే పెట్టుకొన్న మిన్నెసోటా మల్లుడు గేబుల్ స్టీవ్‌సన్ టోక్యో ఒలింపిక్ విజేత. 2025 మార్చిలో బిగ్ టెన్ పోటీలు గెలిచి, అదే నెలలో జాతీయ ఫైనలులో ఓక్లహోమా స్టేట్ విద్యార్థి వయట్ హెండ్రిక్సన్ చివరి అరనిమిషంలో పట్టిన ఒక పట్టుతో 5-4తో ఓడిపోయినాడు.

స్టీవ్‌సన్‌కు 0.95 ఇచ్చిన లెక్క తప్పా? ఒక్క ఫలితంతో ఆ మాట చెప్పలేము. ఇరవైలో ఒకసారి అనేది కూడ ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరాలి. జోస్యాలను కట్టగా తీసికొని పరీక్షించాలి. దీనికి 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒక కొలత ఇచ్చినాడు. గెలుపుకు 1, ఓటమికి 0 వేసి, మనం చెప్పిన సంభావ్యతకూ దానికీ గల తేడాను వర్గం చేసి సగటు తీయాలి. 0.9 అని చెప్పినవాడు నెగ్గితే శిక్ష 0.01, ఓడితే 0.81. ఎప్పుడూ 0.5 అంటూ కూర్చునే పిరికివానికి ఎల్లప్పుడూ 0.25. వర్షం కొరకు పుట్టిన ఈ కొలబద్ద గోదాకు చక్కగా సరిపోతుంది. తక్కువ వచ్చినవాడే మంచి జోస్యుడు. మన వస్తాదు కూడ ఒక నోటుపుస్తకం పెట్టుకొని ఒక్క సంవత్సరం ఇట్లా వ్రాసికొంటే ఆయన సత్తా ఏమిటో తేలిపోతుంది.

బిగ్ టెన్ పోటీల చివరిరోజున జనం ఫైనళ్ళ కొరకు వస్తారు. లెక్క కట్టేవాని కన్ను మాత్రం ప్రక్క మ్యాటు మీద, ఏడవ స్థానానికి జరిగే కుస్తీ మీద ఉంటుంది. ఆ బరువులో కూటమికి ఏడు స్థానాలే కేటాయించి ఉంటే, గెలిచినవాడు నేరుగా జాతీయ పోటీలకు వెళ్తాడు. ఓడినవాడు, మిగిలిన ఖాళీలను నింపే ఎంపిక సంఘం తన పేరు చదువుతుందేమోనని ఎదురుచూడాలి. చదవకపోతే చివరి సంవత్సరపు విద్యార్థికి కళాశాల కుస్తీ అక్కడితో సమాప్తం. ఇట్లాంటి ఆటలలో ఇద్దరి రేటింగులకూ తేడా తరచు పదో పదిహేనో. పట్టికలో ఆ గడిలో వ్రాసి ఉండేది 0.52.