స్పీకర్‌లో ఆ ‘గుంయ్’ ఎక్కడిది?

ఫోన్‌ను కేబుల్‌తో ఆంప్లిఫయర్‌కు కలిపారు. పాట ఇంకా పెట్టనే లేదు, స్పీకర్ ‘గుంయ్’మంటోంది. ఎందుకు?

గోడలోని కరెంటు వల్ల! అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు పక్కనున్న తీగల్లోకీ కాస్త పాకుతుంది. ఫోన్ పంపే పాట చాలా బలహీనమైనది. ఆంప్లిఫయర్ పాటతోపాటు ఈ ఊపునూ పెంచేస్తుంది.

అందుకే కేబుల్‌లో పాట తీగ చుట్టూ సన్నని రాగి తీగలు అల్లుతారు. ఆదోని పత్తిని, ఎమ్మిగనూరు మగ్గాన్ని ఎరిగిన మీకు ఇది సులువే. నేత ఎంత దట్టమైతే గుడ్డలోంచి దుమ్ము అంత తక్కువగా దూరుతుంది. రాగి అల్లికా అంతే, గుంయ్‌ని పైపైనే పట్టేస్తుంది.

జాతర వేదికల మీద మైకు తీగలు చాలా పొడవు. అక్కడ నాకు భలే నచ్చే ఉపాయం ఒకటుంది. పాటను ఒక తీగలో తిన్నగా, రెండో తీగలో తలకిందులుగా పంపుతారు. గుంయ్ మాత్రం రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. చివర్లో ఒకదాంట్లోంచి రెండోది తీసేస్తే గుంయ్ సున్నా, పాట రెట్టింపు!

ఇంట్లో వాడే మీటరు పొడవు కేబుల్‌కు అంత అక్కర్లేదు. అల్లిక దట్టంగా, పిన్ను బిగుతుగా ఉంటే చాలు, వేల రూపాయలు పోయనక్కర్లేదు. నమ్మకం కుదరలేదా? కళ్లు మూసుకుని, అన్నయ్యను సౌండ్ తగ్గించి కేబుల్ మార్చి, మళ్లీ అంతే పెట్టమనండి. ఏది ఖరీదైనదో చెప్పగలరేమో చూడండి.