సేల్ రోజు యాప్ ఎందుకు మొరాయిస్తుంది? డబ్బులు కట్ అయినా ఆర్డర్ ఎందుకు పడదు? తెర వెనుక జరిగేది ఇదీ!

పండగ సేల్ మొదలైంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఒకరు ఫోన్‌లో మిక్సీ ఆర్డర్ పెడుతున్నారనుకుందాం. ఆఫర్ ధర కనిపించింది. 'బై నౌ' నొక్కారు. యూపీఐ పిన్ కొట్టారు. డబ్బులు కట్ అయినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ కూడా వచ్చేసింది. యాప్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. ఆర్డర్ పడిందా? లేదా? మళ్లీ నొక్కాలా? వద్దా?

ఇలాంటప్పుడు చాలామంది సిగ్నల్‌ను తిట్టుకుంటారు. కొన్నిసార్లు తప్పు నిజంగానే సిగ్నల్‌ది. కానీ సేల్ రోజుల్లో తేడా కొట్టే చోటు ఇంకొకటి ఉంది. అదే డేటాబేస్. షాపులో లెక్కల పుస్తకం ఎలాగో, ఆన్‌లైన్ షాపుకు డేటాబేస్ అలాగ. వస్తువు ధర, మిగిలిన స్టాక్, కస్టమర్ అడ్రస్, కట్టిన డబ్బు.. అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పుస్తకం తెరవడం ఆలస్యమైతే యాప్ స్లో అవుతుంది. అసలు తెరుచుకోకపోతే కొట్టు మూసేసినట్టే!

ఒకే రోజు.. కోట్ల క్లిక్కులు

దీనికి మన దేశంలో అందరికీ గుర్తున్న ఉదాహరణ 2014 అక్టోబర్ 6. ఫ్లిప్‌కార్ట్ తొలి 'బిగ్ బిలియన్ డే' జరిగిన రోజది. దాదాపు 5 వేల సర్వర్లు సిద్ధం చేశామని, మామూలు కంటే 20 రెట్ల రద్దీకి ఏర్పాట్లు చేసుకున్నామని కంపెనీ తర్వాత చెప్పింది. జనం అంతకు మించి వచ్చారు. సైట్ చాలామందికి ఓపెన్ కాలేదు. ఆర్డర్ పెట్టిన కొందరికి తర్వాత క్యాన్సిల్ మెసేజ్‌లు వెళ్లాయి. మర్నాడు వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కస్టమర్లకు ఈమెయిల్‌లో క్షమాపణ చెప్పారు.

2018 జులై 16న అమెజాన్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. ప్రైమ్ డే మొదలైన కాసేపటికే చాలామందికి వస్తువుల బదులు కుక్క ఫొటో ఉన్న 'సారీ' పేజీ కనిపించింది. అంటే ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలకూ ఇది తేలిక వ్యవహారం కాదన్నమాట.

మరి స్పీడ్ ఎలా వస్తుంది?

పెద్ద కంప్యూటర్ ఒకటి కొనేస్తే సరిపోదా? సరిపోదు. ఎంత పెద్ద మెషీన్ అయినా దానికీ ఒక హద్దు ఉంటుంది. అందుకే ఇంజినీర్లు ప్రధానంగా నాలుగు పద్ధతులు వాడతారు.

మొదటిది ఇండెక్స్. పోలింగ్ రోజు ఓటరు స్లిప్ చూపిస్తే, అందులోని పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ చూసి పేరు క్షణంలో పట్టేస్తారు. స్లిప్ లేకపోతే జాబితా మొత్తం తిరగేయాల్సిందే. డేటాబేస్‌లో ఇండెక్స్ చేసే పని ఆ స్లిప్‌ది. పది కోట్ల ఆర్డర్లలో ఒక ఆర్డర్‌ను నాలుగైదు మెట్లలో పట్టుకోవచ్చు. అలాగని ప్రతిదానికీ ఇండెక్స్ పెట్టేస్తే కుదరదు. కొత్త ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నీ సవరించాలి. అప్పుడు రాసే పని నెమ్మదిస్తుంది.

రెండోది క్యాష్. ఇది డబ్బు క్యాష్ కాదు. పదే పదే అడిగే సమాచారాన్ని కంప్యూటర్ మెమరీలో చేతికి అందేలా పెట్టుకోవడం. ఊళ్లో పెద్ద చెరువు ఉన్నా ఇంట్లో బిందెతో నీళ్లు పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. మిక్సీ ఫొటో, వివరాలు, రివ్యూలు లక్ష మంది చూసినా లక్షసార్లు డేటాబేస్‌ను కదిలించాల్సిన పని ఉండదు.

మూడోది రెప్లికా. అంటే డేటాబేస్‌కు కాపీలు. రాసే పని అసలు డేటాబేస్ చూసుకుంటుంది. చదివే పని కాపీలకు అప్పగిస్తారు. షాపింగ్ యాప్‌లో వస్తువులు చూసేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అందుకే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

నాలుగోది షార్డింగ్. ఒకే పెద్ద పుస్తకం బదులు పది పుస్తకాలు పెట్టి, కస్టమర్లను వాటి మధ్య పంచేయడం. ఒకటి పాడైనా మిగతా తొమ్మిది పుస్తకాల్లో ఉన్నవాళ్ల పని ఆగదు.

అమెజాన్ ఈ దారి పట్టడానికి కారణం 2004లో పండగ రద్దీ సమయంలో తగిలిన దెబ్బ. ఆ తర్వాత తమ డేటాబేస్ వాడకాన్ని లెక్క తీస్తే, దాదాపు 70 శాతం పనుల్లో ఒక్క నంబర్ ఇచ్చి ఒక్క వరుస తెచ్చుకోవడమే జరుగుతోందని తేలింది. అంత చిన్న పనికి అంత బరువైన డేటాబేస్ ఎందుకన్న ఆలోచనలోంచే 'డైనమో' పుట్టింది. 2007లో ఆ పరిశోధన పత్రం బయటికొచ్చింది. 2012లో అదే బాటలో డైనమోడీబీ సర్వీస్ మొదలైంది. 2024 ప్రైమ్ డే రోజు రద్దీ పతాక స్థాయిలో ఉన్నప్పుడు ఈ సర్వీస్‌కు సెకనుకు 14.6 కోట్ల రిక్వెస్టులు వచ్చాయని కంపెనీ ప్రకటించింది.

చివరి పీస్ ఎవరికి?

చదవడం వరకూ ఓకే. అసలు చిక్కు కొనే దగ్గర వస్తుంది. మిక్సీ ఒక్కటే మిగిలింది. బయ్యారంలో ఒకరు, భూపాలపల్లిలో ఒకరు ఒకేసారి నొక్కారు. ఇద్దరికీ 'స్టాక్ ఉంది' అనే కనిపించింది. ఇద్దరి ఆర్డర్లూ తీసుకుంటే ఒకరికి తర్వాత క్యాన్సిల్ తప్పదు. 2014లో క్షణాల్లో పరిమితికి మించి ఆర్డర్లు పడిపోవడం వల్ల కూడా క్యాన్సిలేషన్లు జరిగాయని ఆనాటి క్షమాపణ లేఖలోనే ఉంది.

దీనికి మందు ట్రాన్సాక్షన్. స్టాక్ తగ్గించడం, ఆర్డర్ రాయడం.. రెండూ జరిగితే కలిసి జరగాలి, లేదంటే రెండూ జరగకూడదు. ఆ వరుస దగ్గరకు ఒక్కసారికి ఒక్కరినే రానిస్తారు. రెండోవాళ్లు వచ్చేసరికి స్టాక్ సున్నా చూపిస్తుంది.

ఇది భద్రమే కానీ, ఒకే ఫోన్ మోడల్ కోసం వేలమంది ఎగబడితే అక్కడ పెద్ద క్యూ తయారవుతుంది. అందుకే వెయ్యి పీసులు ఉంటే ఒకే లెక్కగా ఉంచకుండా, పది చోట్ల వందేసి చొప్పున పెడతారు. పేమెంట్ పూర్తయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆ పీస్‌ను ఒకరి పేరున పక్కన పెట్టడం ఇంకో పద్ధతి.

రివ్యూలు అర నిమిషం పాతవైనా ఎవరికీ నష్టం లేదు. స్టాక్, డబ్బు లెక్క మాత్రం ఒక్క క్షణం పాతదైనా గొడవే. ఏది కాస్త పాతదైనా పర్లేదు, ఏది అస్సలు తప్పకూడదు అన్నది సేల్‌కు ముందే తేల్చుకోవాలి. డేటాబేస్ పనిలో సగం తెలివి ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌లో ఏం ఉంది?

స్పీడ్ ఒక ఎత్తు, ఆగకుండా నడవడం ఇంకో ఎత్తు. కరెంట్ పోవచ్చు. డిస్క్ కాలిపోవచ్చు. కేబుల్ తెగొచ్చు. అందుకే డేటాను ఒకే బిల్డింగ్‌లో ఉంచరు.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. ముంబై తర్వాత దేశంలో వాళ్లకు ఇది రెండోది. ఇందులో మూడు 'అవైలబిలిటీ జోన్లు' ఉన్నాయి. ఒక జోన్‌కు ప్రమాదం జరిగినా మిగతావి నడిచేలా కరెంట్, కూలింగ్, నెట్‌వర్క్ వేటికవే విడిగా ఉంటాయి. ఫ్లిప్‌కార్ట్ కూడా 2019లో తన రెండో డేటా సెంటర్‌ను హైదరాబాద్‌లోనే, కంట్రోల్‌ఎస్ సంస్థతో కలిసి పెట్టింది.

దగ్గరగా ఉంటే లాభం ఏంటి? ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. బయ్యారం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. అంటే వెళ్లడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. అదే అమెరికాలో ఉంటే రానుపోను ఎంత లేదన్నా సెకనులో పదో వంతు పైనే పడుతుంది. ఒక్క పేజీ కోసం పదిసార్లు అటూ ఇటూ తిరిగితే ఆ ఆలస్యం చేతి వేలికి తెలిసిపోతుంది.

ఇక 'మా సర్వీస్ 99.9 శాతం నడుస్తుంది' అంటే వినడానికి బాగుంటుంది. లెక్కేస్తే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోవచ్చని అర్థం. అది సేల్ రోజే వస్తే ఇక అంతే. 99.99 శాతం అంటే ఏడాదికి 53 నిమిషాలు. 99.999 అంటే ఐదు నిమిషాల చిల్లర. ఒక్కో తొమ్మిది పెరిగే కొద్దీ ఖర్చు కూడా భారీగా పెరుగుతుంది.

కాపీ వేరు.. బ్యాకప్ వేరు

మూడు కాపీలు ఉన్నాయి కదా, ఇక భయం లేదనుకుంటే పొరపాటే. అసలు డేటాబేస్‌లో ఎవరైనా పొరపాటున డేటా తుడిచేస్తే, కాపీల్లోనూ అది తుడిచిపెట్టుకుపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు వాడే గిట్‌ల్యాబ్ సైట్‌లో 2017 జనవరి 31న జరిగింది చూస్తే చాలు. కాపీ సర్వర్ అనుకుని ఓ ఇంజినీర్ అసలు సర్వర్‌లోనే డేటా డిలీట్ చేశారు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ తీద్దామని చూస్తే రోజూ జరగాల్సిన బ్యాకప్ ఫెయిలవుతూ వస్తోంది. ఆ హెచ్చరిక ఈమెయిల్స్ ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల క్రితం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో సైట్ డేటాబేస్‌లో చేరిన వివరాలు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే బ్యాకప్ తీస్తే సరిపోదు, దాన్ని వెనక్కి తెచ్చి చూసే రిహార్సల్ కూడా చేస్తుండాలి.

దీపావళి రోజు ఏం జరిగిందంటే..

అన్ని జాగ్రత్తలూ ఉన్నా ఒక్కోసారి తేడా కొడుతుంది. 2025 అక్టోబర్ 20, మన దగ్గర దీపావళి. మధ్యాహ్నం పన్నెండు దాటాక అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ డైనమోడీబీకి చేరుకోవడం ఆగిపోయింది. డేటా ఎక్కడికీ పోలేదు. ఆ డేటాబేస్ ఎక్కడుందో చెప్పే ఇంటర్నెట్ చిరునామా రికార్డు ఖాళీ అయిపోయింది. ఆ చిరునామాను సరిచూసే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు రెండు ఒకదాని పనికి ఒకటి అడ్డుపడటమే కారణం. డైనమోడీబీ దాదాపు మూడు గంటల్లో కోలుకుంది. దాని మీద ఆధారపడ్డ మిగతా సర్వీసులు పూర్తిగా తేరుకోవడానికి మరిన్ని గంటలు పట్టింది. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో యాప్‌లు ఆ రోజు ఇబ్బంది పడ్డాయి.

చెరువుకు అలుగు ఉన్నట్టే..

బయ్యారం పెద్ద చెరువును 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించారు. చెరువు కట్టేవాళ్లు కట్ట ఎత్తుతో పాటు అలుగు కూడా చూసుకుంటారు. వరద ఎక్కువైతే నీళ్లు అలుగు మీదుగా పోవాలి. అది లేకపోతే కట్టే తెగుతుంది.

డేటాబేస్‌కూ అలుగు కావాలి. రద్దీ మోయలేనంతగా వస్తే కొందరిని 'కాసేపు ఆగండి' అంటూ క్యూలో పెడతారు. రికమెండేషన్లు, 'ఇవీ చూడండి' లాంటి అవసరం లేని పనులు ఆపేసి పేమెంట్‌కు దారి వదులుతారు. యాప్‌లు కూడా జవాబు రాకపోతే వెంటనే మళ్లీ మళ్లీ అడగకుండా, ప్రతిసారీ కాస్త ఎక్కువసేపు ఆగి అడిగేలా రాస్తారు. లేకపోతే కోలుకుంటున్న డేటాబేస్ ఆ దెబ్బకే మళ్లీ పడిపోతుంది.

డబ్బులు కట్ అయి ఆర్డర్ పడకపోతే ఏం చేయాలి?

ముందుగా, కంగారుపడి మళ్లీ పేమెంట్ చేయొద్దు. ఆర్డర్ అసలు డేటాబేస్‌లో పడినా, 'మై ఆర్డర్స్' పేజీ వెనకబడ్డ కాపీని చదువుతూ ఉండొచ్చు. కొద్ది నిమిషాలు ఆగి చూడాలి. సరిగ్గా కట్టిన యాప్‌లో ప్రతి పేమెంట్‌కూ ఒక ప్రత్యేక నంబర్ ఉంటుంది. అదే నంబర్‌తో రెండోసారి రిక్వెస్ట్ వస్తే డేటాబేస్ పట్టేసి రెండో ఆర్డర్ రాయదు. కానీ కస్టమర్ వెనక్కి వెళ్లి మొదటి నుంచి మళ్లీ కొంటే అది కొత్త నంబర్ కింద లెక్క. అప్పుడు రెండుసార్లు డబ్బులు కట్ కావొచ్చు.

యూపీఐలో డబ్బు కట్ అయి, షాపు వైపు పేమెంట్ ఖరారు కాకపోతే ఏం చేయాలో 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి.

పేమెంట్ షాపుకు చేరిపోయి, ఆర్డర్ మాత్రం పడకపోతే రీఫండ్ ఇవ్వాల్సింది ఆ షాపే. అందుకే బ్యాంకు మెసేజ్, యూపీఐ రిఫరెన్స్ నంబర్, యాప్ స్క్రీన్‌షాట్ దాచుకోవడం మంచిది. ఫిర్యాదు ముందుగా యాప్‌లో, తర్వాత బ్యాంకులో ఇవ్వాలి. వస్తువు అమ్మిన కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.