అట్టపెట్టె పారవేయకండి

సెలవుల్లో పిల్లలు ఇల్లంతా చెత్త చేస్తున్నారని విసుగుకొనని తల్లిదండ్రులుండరు. మేమూ అంతే. మొన్న నౌపడలో మా యింట సబ్బుల అట్టపెట్టెను పొయ్యిలో పెట్టబోతే, పిల్లలిద్దరూ అడ్డుపడి లాక్కొన్నారు. రైలు చేస్తారట!

మన ఊరికి రైలు కొత్త కాదు. 1900లో పర్లాకిమిడి రాజావారు ఇక్కడినుండి తమ ఊరికి చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1931లో అది గుణుపురం వరకు సాగింది. 2004లో ఆ చిన్నబండి ఆగిపోయి, తరువాత పెద్ద లైను వచ్చింది. తాతగారి నోట ఈ కథ విన్న పిల్లలు సోడామూతలను చక్రాలు చేసి, మైదా జిగురుతో పెట్టెలు అతికించారు. ఎక్కించిన సరుకు ఉప్పే. ఉప్పు మడుల ఊరి పిల్లలు గదా!

చిక్కు వంతెన దగ్గర వచ్చింది. రెండు ఇటుకల మీద అట్ట పరచి కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టగానే అది నడుము వంగి కూలింది. చిన్నవాడు ఏడ్చాడు. పెద్దవాడు అట్టను తిప్పి తిప్పి చూచాడు. వీడు చదువులో మందమని బడిలోనే కాదు, ఇంట్లో మేము కూడా అన్నవారమే.

అట్టలో రెండు కాగితాల మధ్య అలలవంటి ముడతలుంటాయి. ముడతలకు అడ్డంగా కోసిన ముక్క సులువుగా వంగుతుంది. వాటి పొడవునా కోసినది బిగువుగా నిలుస్తుంది. వాడు అలా కోసి, రెండు అంచులూ పైకి మడిచాడు. ఉప్పు ప్యాకెట్టు నిలిచింది!

"నీకెవరు చెప్పార్రా?" అని అడిగాము.

"ఎవరూ చెప్పలేదు నాన్నా. వంగినప్పుడు చూశాను," అన్నాడు.

ఆ మాటకు మేము తలవంచుకొన్నాము.

ఇది పిల్లలాటేనని కొట్టివేయకండి. 2011 భూకంపంలో న్యూజిలాండు దేశపు క్రైస్ట్‌చర్చ్ నగరంలోని పెద్ద దేవాలయం దెబ్బతిన్నది. జపాను దేశస్థుడైన షిగేరు బాన్ కలపకు, ఇనుముకు తోడుగా లావుపాటి అట్టగొట్టాలు వాడి తాత్కాలిక ఆలయాన్ని రూపొందించాడు. 2013లో తెరచిన ఆ ఆలయంలో సుమారు 700 మంది కూర్చోవచ్చు.

ప్రియ తల్లిదండ్రులారా, ఖరీదైన బొమ్మ కొనలేదని చింతపడకండి. ఒక పాత పెట్టె ఇవ్వండి. కత్తెర పట్టినప్పుడు దగ్గర ఉండండి గాని, పని మీరు చేసిపెట్టకండి. కట్టినది కూలితే నవ్వకండి, కోపపడకండి. ఎందుకు కూలిందో వారినే చూడనివ్వండి. కొలవడం, ఓర్చుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం వారు అక్కడే నేర్చుకొంటారు.

మా యింట ఆ వంతెన ఇంకా కిటికీలోనే ఉంది. వాడిని మందమనడం మేము మానుకొన్నాము.